టన్నుకెంత?

జగ్గయ్యపేట నుంచి విశాఖపట్నానికి సిమెంటు బస్తాలతో వెళ్లే లారీకి టన్నుకు ఒక రేటు. అదే లారీ, అదే డ్రైవరు, అదే రోడ్డున విశాఖ నుంచి వెనక్కి తెచ్చే సరుకుకు ఇంకో రేటు. రెండింటికీ చాలాసార్లు పొంతనే ఉండదు. దూరం ఎటు నుంచి కొలిచినా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకే. డీజిలు ధరా మారలేదు. మరి తేడా ఎందుకని ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అడిగితే "అటునుంచి లోడు లేదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క నూటికి నూరుపాళ్లు నిజం. దాన్ని కంప్యూటరుకు ఎక్కించే దగ్గరే చాలా కంపెనీలు తడబడతాయి.

కృష్ణా నదికి అటూ ఇటూ, వాడపల్లి, మేళ్లచెరువు, జగ్గయ్యపేట, మాచర్ల ప్రాంతాల్లో సున్నపురాయి ఉంది కాబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. సిమెంటు బరువెక్కువ, విలువ తక్కువ సరుకు. బస్తా 50 కిలోలు, 20 బస్తాలైతే టన్ను. ఇల్లు కట్టుకునేవాడి దగ్గరికి చేరేసరికి బస్తా ధరలో కిరాయి వాటా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ఇలాంటి కంపెనీల్లో ఊరూరికీ టన్ను రేటు రాసిపెట్టుకున్న పట్టిక ఒకటి ఉంటుంది. ఒకప్పుడు అది గుమాస్తా దగ్గరి రిజిస్టరు, తర్వాత ఎక్సెల్ షీటు, ఇప్పుడు రవాణా సాఫ్ట్‌వేర్‌లో 'రేట్ మాస్టర్'. ఎక్కడి నుంచి, ఎక్కడికి, టన్నుకు ఎంత: చూడ్డానికి మూడు గడులు. ఊళ్లు వందల్లో ఉంటే ఒక్కొక్కదానికీ రేటు ఎవరు రాస్తారని, దూరాన్ని కిలోమీటరు రేటుతో గుణించి పారేసే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. నా దృష్టిలో అసలు తప్పు అక్కడే మొదలవుతుంది. టన్ను రేటు దూరానికి కట్టే ధర కాదు. లారీ మళ్లీ లోడుకు సిద్ధమయ్యే దాకా గడిచే కాలానికీ, ఆ మధ్యలో తిరిగే ఖాళీ కిలోమీటర్లకూ కట్టే ధర.

అంకెలతో చూద్దాం. ఇవి లెక్క కోసం అనుకున్నవే గానీ మార్కెట్ రేట్లు కావు. 10 టైర్ల లారీ 18 టన్నులు మోస్తుంది. కిలోమీటరు తిరిగితే డీజిలు, టైర్లు, టోలు కలిపి 40 రూపాయలు. బండి కదిలినా కదలకపోయినా రోజుకు 4,000: ఫైనాన్సు కిస్తీ, ఇన్సూరెన్సు, పర్మిట్, డ్రైవరు జీతం. సరుకు చేరాల్సిన ఊరు 300 కిలోమీటర్లు. వెళ్లి ఖాళీగా తిరిగి రావడానికి 600 కిలోమీటర్లు, అంటే 24,000. లోడింగూ అన్‌లోడింగూ కలుపుకొని మూడు రోజులు, 12,000. మొత్తం 36,000. దాన్ని 18తో భాగిస్తే టన్నుకు 2,000 రూపాయలు.

ఇప్పుడు ఆ ఊళ్లో తిరుగు లోడు ఒకటి తగిలిందనుకోండి. దాని కోసం ఒక రోజు ఎక్కువ ఆగాలి, 4,000 అదనం. నిండు బండి తాగే అదనపు డీజిలును పక్కన పెడితే, ఆ 4,000 పైన ఎంతొచ్చినా మిగులే. టన్నుకు వేస్తే 222 రూపాయలు. వెళ్లేటప్పుడు 2,000కు పైసా తగ్గనన్న ఓనరు, వచ్చేటప్పుడు 222 దాటిన ఏ రేటుకైనా తలూపవచ్చు. అందులో మోసమూ లేదు, దయా లేదు. ఊరి చివరి కాలనీకి ఆటో పిలిస్తే "రిటర్న్ ఖాళీగా రావాలి సార్" అని అడిగే అదనపు డబ్బులు కూడా ఈ లెక్కలోవే.

దీనికి గణితరూపం ఇచ్చినవాళ్లలో ట్యాలింగ్ కూప్‌మన్స్ ముఖ్యుడు. నెదర్లాండ్స్‌లో పుట్టి అమెరికా చేరిన ఈ ఆర్థికవేత్త 1942లో వాషింగ్టన్‌లో మిత్రదేశాల నౌకా రవాణాను సమన్వయం చేసే బోర్డులో పనిచేశాడు. యుద్ధ సామగ్రితో నిండుగా వెళ్లిన ఓడలకు తిరుగు సరుకు ఉండదు. ఏ రేవు నుంచి ఏ రేవుకు ఖాళీ ఓడల్ని పంపితే మొత్తం వృథా తగ్గుతుందన్నది ఆయన ముందున్న ప్రశ్న. జవాబు వెతుకుతుంటే ఒక అందమైన సంగతి బయటపడింది. ఖాళీ ఓడకు రేవు రేవుకూ ఒక విలువ ఉంటుంది. సరుకు పుష్కలంగా ఉన్న రేవులో ఎక్కువ, ఏమీ దొరకని రేవులో తక్కువ. ఒక రూటులో న్యాయమైన కిరాయి అంటే ప్రయాణం ఖర్చు, దానికి బయలుదేరిన రేవులో ఓడ విలువ కలిపి, చేరిన రేవులో ఓడ విలువ తీసేయగా వచ్చేది. ఓడ బదులు లారీ అనండి, రేవు బదులు ఊరనండి, సూత్రం మారదు. ఇదే కోవ సమస్యను అమెరికాలో ఫ్రాంక్ హిచ్‌కాక్ 1941లో ప్రచురించాడు. అంతకు ముందే, 1939లో, లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కంటొరోవిచ్ ప్లైవుడ్ ఫ్యాక్టరీ లెక్కలతో మొదలుపెట్టి ఇదే గణితానికి పునాది వేశాడు. కూప్‌మన్స్, కంటొరోవిచ్ ఇద్దరూ 1975లో ఆర్థికశాస్త్రపు నోబెల్ పంచుకున్నారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో వినిపించే "అటునుంచి లోడు లేదండీ"కి అంత పెద్ద వంశం ఉంది.

కనుక రేట్ మాస్టర్‌లో వెళ్లే రూటూ వచ్చే రూటూ రెండు వేర్వేరు వరుసలుగా ఉండాలి. అంతటితోనూ అయిపోదు. తిరుగు లోడు ఉందంటే సరిపోదు, అది ఆ బండికి పనికొచ్చే సరుకై ఉండాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ నుంచి సిమెంటు ఫ్యాక్టరీకి బూడిద వస్తుంది నిజమే. పొడి బూడిదను మూసిన ట్యాంకు ఉన్న బల్కర్‌లో తెస్తారు. సిమెంటు బస్తాలు దించి వెనక్కి వచ్చే లారీకి ఆ లోడు ఉన్నా లేనట్టే. పటం మీద ఎదురెదురుగా కనిపించే రెండు సరుకుల్ని చూసి 'ఖాళీ తిరుగుడు తగ్గించాం' అని ప్రకటించే సాఫ్ట్‌వేర్లను బండి రకం అనే గడి ఉందా అని అడగాలి.

ఇక దూరం. మొత్తం లెక్కలో ఇదొక్కటే ఖచ్చితమైనదని అందరూ నమ్ముతారు, అది కూడా అలా కాదు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని భూగోళం మీద గీత గీస్తే వచ్చేది కాకి దూరం. కృష్ణ లాంటి నది అడ్డం వస్తే దానికి విలువ లేదు. రోడ్డు దూరం కోసం కంప్యూటరు కూడళ్లనూ వాటిని కలిపే దారులనూ చేతికి తీసుకుంటుంది. బయలుదేరిన చోటికి అన్నిటికంటే దగ్గరున్న కూడలి దూరాన్ని ముందు ఖాయం చేస్తుంది. అక్కడి నుంచి వెళ్లే దారులతో పక్క కూడళ్ల దూరాలు తగ్గుతాయేమో చూస్తుంది. మళ్లీ మిగిలినవాటిలో దగ్గరిది ఖాయం చేస్తుంది. గమ్యం ఖాయమయ్యే దాకా అంతే. 1956లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, కాబోయే భార్యతో షాపింగు చేసి అలసి ఓ కాఫీ హోటల్లో కూర్చున్నప్పుడు ఎడ్స్గర్ డైక్‌స్ట్రా దీన్ని ఇరవై నిమిషాల్లో ఆలోచించాడు. చేతిలో కాగితం, పెన్సిలు లేకపోవడం వల్లే అది అంత సులువుగా కుదిరిందని తర్వాత చెప్పుకున్నాడు. అచ్చయింది మాత్రం 1959లో.

ఈ పద్ధతి దారి పొడవును తక్కువ చేయమంటే పొడవునే తక్కువ చేస్తుంది, ఖర్చును కాదు. పైగా కారు దారి వేరు, లారీ దారి వేరు. విజయవాడ వన్‌టౌన్ నుంచి నది అవతలి సీతానగరానికి కారైతే ప్రకాశం బ్యారేజీ మీదుగా దాటేస్తుంది. బ్యారేజీ మీద భారీ వాహనాలకు అనుమతి లేదు, లారీ వారధి వైపు చుట్టు తిరగాలి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం మీదుగా దారి చూపించారనుకోండి, నల్లమలలో మన్ననూరు దగ్గర గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. అక్కడ పులుల అభయారణ్యం ఉంది. రాత్రి పదింటికి చేరిన బండికి ఆ దారి కిలోమీటర్లలో పొట్టిదే, గంటల్లో చాలా పొడవు. హైదరాబాద్ నగరంలోకి పగటిపూట భారీ లారీలకు ఉన్న ఆంక్షలూ ఇలాంటివే. కాబట్టి ప్రతి దారికీ పొడవుతో పాటు ఏ బండ్లకు అనుమతి, ఏ వేళల్లో అనుమతి, టోలు ఎంత అనే వివరాలు తగిలించాలి. అప్పుడు గానీ డైక్‌స్ట్రా లెక్క లారీకి పనికిరాదు.

ప్రభుత్వానికీ తన దూరం తనకుంది. ఈ-వే బిల్లు పోర్టల్ రెండు పిన్‌కోడ్ల మధ్య దూరాన్ని తానే లెక్కగడుతుంది, మనం 10 శాతం వరకు పెంచి రాసుకోవచ్చు. 2021 జనవరి 1 నుంచి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు, అంతకు ముందు 100కి ఒక రోజు ఉండేది. ఇలా ఒకే ట్రిప్పుకు నాలుగు దూరాలు పోగవుతాయి: ఒప్పందంలో రాసుకున్నది, మ్యాప్ చెప్పినది, ఈ-వే బిల్లులో ఉన్నది, జీపీఎస్ చూపించినది. డబ్బు దేనికి కట్టాలో ముందే తేల్చుకోని కంపెనీలో ప్రతి బిల్లూ పంచాయితీయే. రైల్వే ఈ చిక్కును ఎప్పుడో తప్పించుకుంది. గూడ్సు ఏ దారిన పోయినా మామూలుగా అతి తక్కువ దూరం ఉన్న దారికే ఛార్జీ వేస్తుంది. రద్దీ కారణంగా చుట్టు దారినే పంపాలని ప్రకటించిన రూట్లకు మాత్రం మినహాయింపు.

దూరం పెరిగేకొద్దీ టన్ను రేటు పెరుగుతుంది, టన్ను కిలోమీటరు రేటు మాత్రం తగ్గుతుంది. పై లెక్కలోనే ఊరు 50 కిలోమీటర్లయితే పోనూ రానూ 4,000, ఒక రోజు ఖర్చు 4,000, టన్నుకు 444. కిలోమీటరుకు వేస్తే 8 రూపాయల 89 పైసలు. 300 కిలోమీటర్లకు అది 6 రూపాయల 67 పైసలే. లోడింగుకు పట్టే సమయం దూరాన్ని బట్టి మారదు కాబట్టి దగ్గరి ఊరి మీద దాని భారం ఎక్కువ. రైల్వే ఛార్జీల పట్టికా ఇలాగే పోనుపోను వాలుతుంది. సరుకును బట్టి తరగతి మారుతుంది, తరగతి 100 మూలం, 145 అంటే దానికి 1.45 రెట్లు.

ఈ వాలును సాఫ్ట్‌వేర్లు స్లాబులుగా నరుకుతాయి. 101 నుంచి 150 దాకా టన్నుకు 650, 151 నుంచి 200 దాకా 800 అని పెట్టారనుకుందాం. 150వ కిలోమీటరు దగ్గరున్న గోడౌనుకూ దాని పక్క సందులో ఉన్న గోడౌనుకూ మధ్య 18 టన్నుల లారీ మీద 2,700 రూపాయల తేడా. ఒక్క కిలోమీటరు కోసం కొలత టేపులు బయటికి రావడంలో వింతేముంది? స్లాబు మొదటి కిలోమీటరుకు మూల రేటు ఇచ్చి, ఆపైన కిలోమీటరుకు ఇంతని కలిపితే ఆ గోడ కూలిపోతుంది. ఇంత తేలికైన మార్పు చేయడానికి చాలామంది బద్ధకిస్తారు, ఎందుకో.

టన్ను రేటులో టన్ను అంటే ఏమిటన్నది తర్వాతి తగవు. కాటా వేసినప్పుడు నిండు బండి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేది సరుకు బరువు. లారీలో 16 టన్నులే వేస్తే 36,000ను 16తో భాగించాలి, టన్నుకు 2,250 పడుతుంది. ఓనరు ఆ నష్టం ఎందుకు భరిస్తాడు? అందుకే 'గ్యారంటీ' పెడతారు: 18కి ఎంత తక్కువేసినా 18కే కిరాయి. రైల్వే కూడా చాలా సరుకులకు వ్యాగన్ సామర్థ్యానికే ఛార్జీ కడుతుంది. మరమరాలు, పత్తి లాంటివి బండిని నింపేస్తాయి గానీ కాటా తూగవు, వాటికి టన్ను రేటు పెట్టడమే అసంబద్ధం. గుంటూరు యార్డులో మిరప టిక్కీల్లో లెక్క, ధాన్యం బస్తాల్లో, ధర క్వింటాల్లో. సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ కిలోల్లోకి దించుకుని దాచుకోవాలి, మనిషికి మాత్రం అతను మాట్లాడే కొలతలోనే చూపించాలి.

బరువు ఎక్కువేస్తే? టన్నుకు ఇంతని కట్టే పద్ధతిలోనే ఓవర్‌లోడు ఆశ ఇమిడి ఉంది. 2018 జులైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచింది. రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 16.2 నుంచి 18.5 టన్నులకు, మన 10 టైర్ల లారీ లాంటి మూడు యాక్సిళ్లది 25 నుంచి 28.5కు చేరింది. ఖాళీ బండి పదిన్నర టన్నులనుకుంటే పాత పరిమితిలో 14.5 టన్నుల సరుకే పట్టేది. అదే 36,000 ఖర్చుకు టన్ను రేటు 2,483 పడేది, కొత్త పరిమితిలో 2,000. ఒక్క ప్రభుత్వ ప్రకటనతో రేట్ మాస్టర్‌లో ప్రతి వరుసా పాతబడిపోయింది. ఇంకాస్త వేస్తే ఇంకాస్త మిగులుతుంది కదా అనిపిస్తుంది. ఆ ఖర్చు రోడ్డు మోస్తుంది. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఆటవా అనే ఊరి దగ్గర ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను అదేపనిగా తిప్పి చూశారు. రోడ్డు దెబ్బతినడం యాక్సిల్ మీది బరువుకు దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. బరువు 20 శాతం పెరిగితే నష్టం రెండింతలు దాటుతుంది, బరువు రెట్టింపైతే పదహారు రెట్లు. 2019 మోటారు వాహనాల చట్ట సవరణ ఓవర్‌లోడుకు 20,000, ఆపైన అదనపు టన్నుకు 2,000 జరిమానా పెట్టింది. మంచి సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని చిన్నదే: పరిమితి దాటిన బరువుకు గేటు పాసు ఇవ్వకుండా ఆగిపోవడం. ఆ తాళాన్ని 'అడ్జస్ట్' చేయమని వచ్చే ఫోన్ కాల్‌కు మాత్రం ప్రోగ్రాములో జవాబు లేదు.

అన్నిటికంటే తక్కువగా లెక్కకొచ్చేది నిరీక్షణ. ఫ్యాక్టరీ గేటు బయట సీరియల్లో 120 లారీలు ఉన్నాయి, గంటకు 10 లోడై బయటపడుతున్నాయి, అంతే సంఖ్యలో కొత్తవి వచ్చి చేరుతున్నాయి. సగటున ఒక్కో లారీ ఎంతసేపు ఆగుతుంది? 120ని 10తో భాగిస్తే 12 గంటలు. జాన్ లిటిల్ 1961లో దీన్ని నిరూపించాడు. వచ్చే తీరు ఎలా ఉన్నా, లోడింగు ఏ వరుసలో చేసినా, సగటులు నిలకడగా ఉంటే చాలు, ఈ భాగహారం తప్పదు. 12 గంటలంటే రోజు ఖర్చులో సగం, 2,000. టన్నుకు 111 రూపాయలు. కిలోమీటర్లలోకి మారిస్తే బండి 50 కిలోమీటర్లు ఉత్తినే తిరిగినట్టు. దగ్గరి దారి కోసం మ్యాపుతో కుస్తీ పట్టి ఐదారు కిలోమీటర్లు ఆదా చేసిన కంపెనీ, తన గేటు ముందు 50 కిలోమీటర్లు పారబోసుకోవడం మామూలే. ఏ మ్యాపులోనూ అది కనబడదు. గేటు లోపలికి వచ్చిన సమయం నమోదు చేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, లారీ వచ్చి సీరియల్లో నిలబడ్డ సమయం రాసుకునేవి తక్కువ.

తేదీల సంగతి క్లుప్తంగా. 2017 జూన్ 16న దేశమంతటా డీజిలు ధరను రోజువారీగా సవరించే పద్ధతి మొదలైంది. అందుకని ఒప్పందాల్లో, కిరాయిలో డీజిలు వాటా 45 శాతమని రాసుకుంటే, ధర 4 శాతం పెరిగినప్పుడు టన్ను రేటు 1.8 శాతం పెరుగుతుంది. ఏ తేదీ ధర? లోడైన నాటిదా, దించిన నాటిదా? పాత రేటును చెరిపి దాని మీదే కొత్తది రాస్తే నిరుడి బిల్లు మళ్లీ తీసినప్పుడు తప్పు మొత్తం వస్తుంది. ప్రతి రేటుకూ ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చెల్లుతుందన్నది ఒకటి, దాన్ని మనం ఎప్పుడు నమోదు చేశామన్నది ఇంకొకటి, రెండు తేదీలూ ఉండాలి. వెనకటి తేదీ నుంచి రేటు పెంచుతూ ఒప్పందాలు కుదరడం ఈ వ్యాపారంలో కొత్తేం కాదు.

ఒకే లారీలో ఇద్దరు ముగ్గురు డీలర్ల సరుకు వేసినప్పుడు లెక్క మరో మలుపు తిరుగుతుంది. ఎవరి దగ్గర ముందు దించాలి? పది చోట్లయితే వరుసలు 36,28,800. పదిహేనైతే లక్షా ముప్పై వేల కోట్లకు పైనే. జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ 1959లో పెట్రోలు ట్యాంకర్లు బంకులకు వెళ్లే ఉదాహరణతో ఈ సమస్యను మొదట గణితంగా రాశారు. 1964లో క్లార్క్, రైట్ తేలిక మార్గం చూపారు. ఇద్దరు డీలర్లకు విడివిడిగా వెళ్లొచ్చే బదులు ఒకే ట్రిప్పులో కలిపితే ఎన్ని కిలోమీటర్లు మిగులుతాయో ప్రతి జంటకూ లెక్కగట్టి, ఎక్కువ మిగిల్చే జంటల్ని ముందు కలుపుకుంటూ పోవడమే. అత్యుత్తమమైన జవాబు వస్తుందన్న హామీ లేదు. అయినా రవాణా సాఫ్ట్‌వేర్లలో ఆ పద్ధతికి ఇప్పటికీ గిరాకీ తగ్గలేదు.

దారి కుదిరాక అందులో ఎవరి వాటా ఎంత? రోజు ఖర్చు పక్కన పెట్టి కిలోమీటర్లే చూద్దాం. ఒక డీలరు 20 కిలోమీటర్ల దూరంలో, రెండో డీలరు అదే రోడ్డు మీద 130లో ఉన్నారు. చెరి 9 టన్నులు. లారీ పోనూ రానూ 10,400. టన్నుల ప్రకారం పంచితే చెరి 5,200. టన్ను కిలోమీటర్ల ప్రకారమైతే దగ్గరివాడికి 1,387, దూరం వాడికి 9,013. లాయిడ్ షాప్లీ 1953లో ప్రతిపాదించిన పద్ధతిలో, ఇద్దరూ వాడుకున్న మొదటి 20 కిలోమీటర్ల ఖర్చు 1,600ను చెరిసగం చేసి, మిగతా దారి మొత్తం దూరం వాడి మీద వేస్తారు: 800, 9,600. విమానాశ్రయంలో రన్‌వే ఖర్చును చిన్నా పెద్దా విమానాల మధ్య పంచడానికి 1973లో ఇదే సూత్రాన్ని వాడి చూపించారు. మన ఆఫీసుల్లో మాత్రం ఎక్కువగా నడిచేది మొదటి పద్ధతి, టన్నుల లెక్క. గుణకారం ఒక్కటే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరని అనుకుంటారు. దగ్గరి డీలరు ఒంటరిగా బండి పెట్టుకున్నా అతనికయ్యేది 1,600. బిల్లులో 5,200 చూసిన నెలలోనే అతను సొంత ట్రాక్టర్లు పంపడం మొదలుపెడతాడు. అప్పుడు దూరం డీలరు సరుకు సగం లారీలో, మొత్తం 10,400 ఖర్చు మీద వేసుకుని పోతుంది.